సైకిలు పుల్ల ఆత్మకథ

మా వంశంలో చెప్పుకోదగ్గవాళ్లెవరూ లేరు. సఖినేటిపల్లి రేవు దగ్గర కొబ్బరికాయల బస్తాలు మోసిన ఓ పాత సైకిలు వెనక చక్రంలో పుల్లని నేను. చక్రం వంకరపోయి రిపేరుకొస్తే షాపు తాతయ్య నన్ను ఊడదీసి తుప్పు సామాన్ల డబ్బాలో పడేశాడు. అప్పటికాయన తాతయ్యేం కాదు, పెళ్లయి ఏడాది తిరగని కుర్రాడు. క్రిస్మస్‌కి భార్యకి చీర కొనే స్తోమత లేక డబ్బాలో చెయ్యి పెట్టి నన్ను తీశాడు. రెండు మిల్లీమీటర్ల మందం ఒళ్లు నాది. కొసని ఆకురాయితో అరగదీసి, చిన్న కొక్కెం కోసి, గరుకు కాగితంతో రుద్ది, కొబ్బరినూనె పూసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"చీరడిగితే పుల్ల తెచ్చారా అండీ?" అందావిడ.

"బజారు సూదికి దారం చిక్కుకుపోతోందన్నావుగా. ఇది చూడు ఓసారి."

చూసింది. ఆ రాత్రి దీపం ఆర్పేసరికి ఓ పువ్వు పూర్తయింది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ మామ్మా అని పిలిచే ఆవిడ, ఆవిడ కుడిచేతి వేళ్ల మధ్య నేను. బజారులో దొరికే స్టీలు సూదులు తరవాత ఎన్నొచ్చాయో! నా నడుముకి ఆవిడ చుట్టిన గుడ్డపీలిక చూసి నవ్వుతాయవి. నవ్వనీండి. బొటనవేలు ఆనేచోట ఆ పీలిక లేకపోతే సాయంత్రానికి వేలు కాయలు కాస్తుంది.

లేసు అల్లికంటే తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. స్వెటరల్లే పొడుగు సూదుల మీద వరసలోని ఉచ్చులన్నీ ఒకేసారి నిలబడి ఉంటాయి. నా మెడలో ఒక్కటే. ఆ ఒక్క ఉచ్చులోంచి దారాన్ని లాగి ఇంకో ఉచ్చు, దాంట్లోంచి మరోటి. ముందు గొలుసు, గొలుసు రెండు కొసలూ కలిపితే వలయం, వలయం చుట్టూ పొట్టి కుట్లు, పొడుగు కుట్లు, మధ్యలో ఖాళీలు. ఖాళీ ఎక్కడ వదలాలో తెలిసినదే పనిమంతురాలు. ముడెయ్యకుండా కొస వదిలేసి చంటాడి చేతికిచ్చారో, మొదటి ఉచ్చు దాకా ఊడొస్తుంది. మిషన్లు లేసు తయారుచేస్తాయి, చూడ్డానికి మా పనిలాగే ఉండే సరుకు కూడా చైనా నుంచి వచ్చి మా మార్కెట్టుని బాగానే దెబ్బకొట్టింది. కానీ ఈ కొక్కెం అల్లికని, అదే అసలు క్రోషేని, బజారు సరుకుగా అల్లే మిషను ఇంతవరకూ రాలేదు. అందుకు నాకు కాస్త గర్వం, దాచుకోను.

దారపు ఉండ దొర్లిపోకుండా మామ్మ దాన్ని కొబ్బరిచిప్పలో పెట్టుకుంటుంది. దారం ఎడమచేతి చూపుడువేలి మీంచి వస్తుంది. ఏళ్ల తరబడి అలా వచ్చి వచ్చి ఆ వేలికి గాడి పడింది. చెమట పడితే తెల్లదారం మాసిపోతుందని అరచేతికి పౌడరు రాసుకుంటుంది. మొహానికి రాసుకోగా నేనెప్పుడూ చూళ్లేదు.

ఈ విద్య గోదారి ఒడ్డుకి ఎలా వచ్చిందంటే, అదీ క్రిస్మస్ వచ్చిన దారినే. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. ఒకాయన రాతిపనివాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వాళ్లు మొదలెట్టిందే గోదావరి డెల్టా మిషను. చేతిపని చేసుకుని బతికినవాళ్లు గనక చేతిపని విలువ వాళ్లకి తెలిసే ఉంటుందని నా ఊహ. ఆ శతాబ్దంలోనే మిషనరీ దొరసానులు కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేదింటి ఆడవాళ్లకి లేసు నేర్పారు. అటు ఐర్లండులో 1845లో బంగాళాదుంప పంట కుళ్లి ఘోరమైన కరువొస్తే అక్కడి ఆడవాళ్ల చేతికీ ఈ సూదే ఇచ్చారు. ఆకలి ఉన్నచోటికి మమ్మల్ని పంపడం అలవాటన్నమాట. తరవాత తరవాత గడప దాటకూడదనుకునే కాపుల ఇళ్లలోకీ వెళ్లాం. అక్కడ ఆకలి కన్నా పరువు పెద్దది. పనిచేస్తున్నట్టు ఎవరికీ కనిపించకుండా పనిచెయ్యడానికి మాకన్నా అనువైనవాళ్లెవరు?

జూన్, జూలైల్లో గోదారి ఎర్రబడే రోజులకి మా ఇంటికి క్రిస్మస్ వచ్చేది. మాది కాదు, వాళ్లది. ఎక్కడో సముద్రాల అవతల బల్లల మీద పరుచుకునే గుడ్డలు, గ్లాసుల కింద పెట్టే గుండ్రటి డోయిలీలు, చెట్టుకి వేలాడదీసే నక్షత్రాలు. డిసెంబరు పండక్కి సరుకు కొట్లలో ఉండాలంటే ఓడెప్పుడెక్కాలో లెక్కేసుకోండి. అందుకని వర్షాకాలమంతా మామ్మ వసారాలో చూరునీళ్ల చప్పుడు వింటూ మంచు అల్లేది. మంచుపువ్వు డిజైనని లేసు ఏజెంటు తెచ్చిన కాగితం మీద ఎనిమిది రెక్కలుండేవి. ఆవిడ అలాగే అల్లింది. చాన్నాళ్ల తరవాత మనవరాలు సైన్సు పుస్తకం తెరిచి, నీరు గడ్డకట్టే తీరే అంత, మంచు రేకకి ఆరు కొమ్మలే ఉంటాయంది. "డబ్బులిచ్చేవాళ్లు ఎనిమిదంటే ఎనిమిదే" అంది మామ్మ. హాలీ ఆకు డిజైనొచ్చినప్పుడు మాత్రం ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "బ్రహ్మదండి ఆకుల్ని ఎవరైనా భోజనాల బల్ల మీద వేసుకుంటారా?"

ఏజెంటు గోదారిని పంటు మీద సైకిలుతో సహా దాటి వచ్చేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, అల్లినవి తూచి పుచ్చుకునేవాడు. మా ఇంట్లో పువ్వులే. వాటిని ఒకదానికొకటి కలిపి గుడ్డ చేసే అతుకుపని ఇంకో ఊళ్లో, ఇంకొకావిడ చేతిలో. కాబట్టి మామ్మ జీవితంలో వేలకొద్దీ పువ్వులు అల్లింది గానీ పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో చాలాకాలం చూళ్లేదు. మజూరీ డజను లెక్కన. డజనుకి ఎంతసేపు పట్టిందన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. ఓసారి ఆవిడ కాస్త గొణిగితే ఏజెంటు నవ్వి, "ఖాళీగా కూర్చునేబదులు చేసుకునే పనేగా అమ్మా" అన్నాడు.

ఖాళీ! తెల్లారుజామున లేచి వాకిలి ఊడ్చి, గేదెకి కుడితి పెట్టి, పొయ్యి రాజేసి, పిల్లల్ని బడికి పంపి, అన్నం వార్చి, ఆ వార్చిన చెయ్యి తుడుచుకుని నన్ను పట్టుకునే మనిషి ఖాళీగా ఉన్నట్టట. నాకు నోరుంటే ఆ పూట ఏజెంటుకి పంటు తప్పిపోయేది. ఇంకా ఒళ్లు మండే సంగతేమిటంటే ఆవిడా ఆ మాటే నమ్మింది. జనాభా లెక్కలాయన వచ్చి "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగితే, నేను వేళ్ల మధ్య ఆడుతుండగానే, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆయన అదే రాసుకున్నాడు.

ఈ ముక్క పట్టుకునే మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివాళ్ల మీద ఓ పుస్తకం రాసింది, 1982లో అచ్చయింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లని పనివాళ్లనకుండా గృహిణులంటున్నారు గనకే మజూరీ అంత తక్కువలో ఉంచడం వీలవుతోందని ఆవిడ వాదన. ఆవిడ మా వసారాకి రాలేదు. వచ్చి ఉంటే మామ్మ టీ ఇచ్చి, "ఏదో కాలక్షేపం అండీ" అనే ఉండేది.

డిసెంబరు మాత్రం మాదే. ఎగుమతి సరుకు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, ఏజెంటు జాడుండదు. తాతయ్య షాపు కట్టేసి వచ్చి వెదురు బద్దలు చీరేవాడు. అయిదు కొసల చట్రం కట్టి, మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితం అతికించి, లోపల బల్బు పెట్టి కొబ్బరిచెట్టు మొవ్వు కన్నా ఎత్తుగా గెడకి కట్టాలని ఆయన పంతం. ఎప్పుడూ కాస్త ఒరిగే ఉండేది. సున్నం వాసన, అరిసెల పాకం వాసన, గోదారి మీంచి వచ్చే పొగమంచు. పనయ్యాక మామ్మ తన మజూరీలోంచి దాచి కొనుక్కున్న దారం బయటకి తీసేది. గుడిలో బలిపీఠం గుడ్డకి అంచు. తూకం లేదు, డజను లేదు, కాగితం మీద డిజైనూ లేదు. గుమ్మం ముందు ముగ్గులోని మెలికే ఒకటి తీసుకుని, దాని పక్కన ద్రాక్షగుత్తి. అల్లుతూ అల్లుతూ నచ్చకపోతే వరసంతా ఊడదీసేది. ఆర్డరు పనిలో ఒక్క కుట్టు ఊడదీసినా మజూరీ పోయినట్టే. ఇక్కడ ఊడదియ్యడమే సుఖం. తాతయ్య ఇటు బద్దలు చీరుతూ, ఆవిడ అటు అల్లుతూ, ఇద్దరూ ఒక్క మాటా అనుకోకుండా రాత్రి పది దాటించిన రోజులున్నాయి. అర్ధరాత్రి దాటాక డప్పులతో క్యారల్స్ వాళ్లొచ్చి పడేవారు. అందరికీ టీ పెట్టడానికి లేస్తూ నన్ను జడలో గుచ్చుకునేది. ఇంట్లో ఆవిడ పెట్టుకున్న నగల్లో నేనూ ఒకదాన్నని అప్పుడు అనిపించేది.

1996లో అలా కుదరలేదు. నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని తొక్కేసింది. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లు ఒకేవైపుకి పడుకుని ఉన్నాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, నక్షత్రానికి బల్బు లేదు. తడిసిన దారపు ఉండల్ని మామ్మ పెరట్లో తీగ మీద ఆరేసింది, మరకలు పోలేదు. ఆ మరకల దారంతోనే లాంతరు దగ్గర అంచు అల్లింది. అదింకా గుడిలో ఉంది. దాన్ని పరిచిన రోజున ఎవరైనా, ఇక్కడిక్కడ గోధుమరంగు ఎందుకు కలిపారండీ, బావుందే, అంటే ఊరుకుంటుంది.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టుకుని వేరేచోటి సరుకు అమ్మడానికి లేదన్నమాట. మంచిదే. ఊరికి గుర్తింపొచ్చింది, వేళ్లకి ఎప్పుడొస్తుందో. తాతయ్య ఉంటే పేపరు పైకి చదివి వినిపించేవాడు.

మొన్న డిసెంబరుకి మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. ఆఫీసులో స్నేహితులు చేత్తో చేసిన నక్షత్రాలు అడుగుతున్నారట, చెట్టుకి కట్టుకోడానికి. మామ్మకి చూపు తగ్గింది, నల్లదారం పట్టుకోదు గానీ తెల్లదైతే చెయ్యే చూస్తుంది. అల్లిన నక్షత్రం మెత్తగా వేలాడితే బాగోదు, బిగుసుకోవాలి. మనవరాలు ఫోనులో చూసి పంచదార పాకంలో ముంచింది. తెల్లారేసరికి చీమలు వరసకట్టాయి. మామ్మ నవ్వి, చిక్కటి గంజి వార్చి, నక్షత్రాన్ని ముంచి పిండి, దిండు మీద పరిచి కొసకొసకీ గుండుసూది గుచ్చి ఎండలో పెట్టింది.

రెండోది మొదలెడుతుంటే పిల్ల ఫోను తీసి ఎదురుగా పెట్టింది.

"అదేంటే?"

"టైము మామ్మా. నువ్వు అల్లుకో."

"టైము పెట్టకే బాబూ, చెయ్యి వణుకుతోంది." నిజంగానే వణికింది. అన్నేళ్లలో నన్ను గడియారం ముందు కూర్చోబెట్టినవాళ్లు లేరు మరి. పూర్తయ్యేసరికి గంటా పది నిమిషాలైంది. పిల్ల ఏదో లెక్కేసి ఓ ధర చెప్పింది.

"అంతెవరిస్తారే!" అని మామ్మ నోరు నొక్కుకుంది. కాసేపు అల్లింది. మళ్లీ ఆగింది.

"ఏమేవ్, గంజి వార్చింది లెక్కేశావా?"

"లేదు మామ్మా."

"మరి దిండు మీద సూదులు గుచ్చింది? ఎండలోంచి తీసి మళ్లీ సర్దింది? అవెవరి ఖాతాలో రాస్తావే? ఇలాతే ఆ ఫోను, మొదట్నించీ చెప్తాను."