ఇరవై గుంటలు కొంటే ఊరు ఉచితం

పల్లెటూరి జనం కల్లాకపటం ఎరగరనీ, ఎదురెళ్లి ఓ నవ్వు నవ్వితే చాలు కడుపులో పెట్టుకుని చూసుకుంటారనీ హైదరాబాదులో ఒక గట్టి నమ్మకం. ఎక్కడ పుట్టిందో గానీ, ప్రస్తుతం అది రియల్ ఎస్టేట్ కరపత్రాల్లో కాపురం ఉంటోంది. ఇరవై గుంటల ఫారం ప్లాటు, చుట్టూ ఫెన్సింగు, డ్రిప్పు, మామిడి మొక్కలు, గట్టు వెంట శ్రీగంధం, అన్నిటికీ అడుగున ‘స్వచ్ఛమైన పల్లె ఆప్యాయతల నడుమ’. మామిడి మొక్కలకైతే ఇన్నేళ్ల మెయింటెనెన్సు మాదేనని కంపెనీ రాసిస్తోంది. ఆప్యాయత వాడిపోతే ఎవరు నీళ్లు పోయాలో మాత్రం అగ్రిమెంటులో లేదు.

చేవెళ్ల దాటాక బీజాపూర్ రోడ్డు మీద ఏ మర్రిచెట్టు కిందనో శనివారం పొద్దున కాసేపు నిలబడి చూడండి. క్యారెట్టు, టమాటా, బంతిపూలు పట్నానికి మోసిన రోడ్డు అది. ఇప్పుడు పట్నం తిరుగు టపాలో మనుషుల్ని పంపుతోంది. 2020 లాక్‌డౌన్‌లో కొలువు ఇంట్లో కూర్చుని కూడా చేయొచ్చని తేలిపోయాక, శని ఆదివారాల సరదా కొందరికి పూర్తి మకాం అయింది. అలా మా వైపు దిగినవాళ్లందరినీ కలిపి ఒక్క మనిషిగా ఊహించుకోండి. ఊళ్లో అందరూ ఆయన్ని ఫారంహౌస్ సార్ అంటారు. నేనూ అదే అంటాను.

సార్ వచ్చింది మనుషుల్లో కలిసిపోవడానికి. అందుకని ముందుగా చేయించిన పని ఎనిమిదడుగుల ప్రహరీ. ఆ గోడ కింద పడి, బర్లు చెరువుకు పోయే బాట పోయింది. బాట రికార్డుల్లో లేదని సార్ అన్నారు. నిజమే, బర్ల దగ్గర కాగితాలేవీ లేవు. ఆ తర్వాత గేటు, గేటుకు ‘కుక్కలున్నవి జాగ్రత్త’ బోర్డు, నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. ఇంత ఏర్పాటూ చేసుకుని, ఓ ఆరునెలలు అరుగు మీద ఒక్కరే కూర్చుని, చివరికి సార్ తేల్చిన విషయం ఏమిటంటే: ఈ ఊరివాళ్లు కలుపుగోలు మనుషులు కారు.

దీనికి మందు చెప్పేవాళ్లు ఫోనులో దొరుకుతారు. పల్లెలో కలిసిపోవడానికి చిట్కాలు అని వీడియోలు. ఎదురైనవాళ్లందరినీ పలకరించండి, ఊరి కిరాణంలో సరుకులు కొనండి, పండుగలకు వెళ్లండి. చేసేది చిట్కా వైద్యమే గనక సార్ వరసగా అన్నీ చేశారు. కిరాణంలో కొర్రలూ అండుకొర్రలూ అడిగారు. రేషన్ షాపులో సన్నబియ్యం వస్తున్న ఊరు మాది. చిరుధాన్యాల మీద అరగంట ఉపన్యాసం విన్న కొట్టతను, నూడుల్స్ పాకెట్లు తప్ప ఏమీ లేవని చెప్పి, చాలాసేపు నొచ్చుకున్నాడు. బోనాలకు వెళ్లారు. ఫొటోలు తీసుకున్నారు. రాత్రి తొమ్మిదికి డీజే ఆపమని ఫోను చేశారు. సర్పంచికి కాదు, వందకు!

అన్నిటికంటే మిన్న చాయ్ హోటల్ ఘట్టం. సార్ బెంచీ మీద కూర్చోగానే ఎదురుగా బీడీ కాలుస్తున్న ముసలాయన, ‘ఎకరం ఎంతల కొన్నరు సార్?’ అన్నాడు. పట్నంలో పక్క ఫ్లాటువాడు కూడా అడగని మాట. సార్ తడబడి నవ్వారు. ‘మీరేమోళ్లు?’ అన్నాడు ముసలాయన. నాకు కులం పట్టింపు లేదండీ అన్నారు సార్, కాస్త గర్వంగానే. ముసలాయన చాలా మర్యాదగా తలూపి, బీడీ రాయికి రాసి ఆర్పి, ‘మంచిమాట సార్. ఇంటిపేరేంది మరి?’ అన్నాడు. సార్ ఇంటిపేరు చెప్పారు. హోటల్లో ఉన్న అందరికీ ఒక్క క్షణంలో పని అయిపోయింది. ఆ సాయంత్రమే ఊళ్లో ఆ కులపు పెద్దమనిషి ఇంటినుంచి సార్‌కు సొరకాయలు వచ్చాయి. పల్లె ఆప్యాయత అంటే ఇదీ అని సార్ మురిసిపోయి ఫొటో పెట్టుకున్నారు. వేరే ఇంటిపేరైతే సొరకాయలు వచ్చేవా అన్న అనుమానం ఆయనకు రాలేదు. రావలసిన అవసరం జీవితంలో ఎన్నడూ పడలేదు కాబట్టి రాలేదు.

ఆ అవసరం పడేవాళ్లు వేరే ఉన్నారు. బదిలీ మీద వచ్చే టీచరమ్మ అద్దె ఇంటికోసం వీధి వీధీ తిరుగుతుంటే, ‘ఖాళీ లేదు’ అనే జవాబుకు ముందు ఏ ప్రశ్న వస్తుందో ఆమెను అడగాలి. ఒడిశా నుంచి పెళ్లాం పిల్లలతో ఏటా ఇటుక బట్టీలకు దిగేవాళ్లున్నారు. చలికాలం మొదట్లో వచ్చి, వానలు పడేదాకా ఊరి పొలిమేరలోనే ఉంటారు. వాళ్లూ కొత్తవాళ్లే. వాళ్లకు దోస్తులు ఎలా దొరుకుతారని ఏ వీడియోవాడూ చిట్కాలు చెప్పడు. ఒక ఊళ్లో ఏళ్ల తరబడి ఇటుకలు చేసినవాడు పరాయివాడే, ఇరవై గుంటలు కొన్నవాడికి మాత్రం ఆరు నెలల్లో ఊరు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి! మా ఊరి కల్లాకపటం లేనితనం గురించి ఎవరైనా ఎత్తినప్పుడల్లా నాకు నవ్వు ఇందుకే వస్తుంది.

పైగా ఇదేమీ కొత్తగా కనిపెట్టిన రహస్యం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి శ్యామాచరణ్ దూబే 1951-52లో శామీర్‌పేటకు వెళ్లి, ఎవరి ఇంట్లో ఎవరు తింటారు, ఎవరికి ఎవరితో పడదు అన్నదాకా కనుక్కుని 1955లో ‘ఇండియన్ విలేజ్’ పుస్తకం వేశాడు. కరపత్రాల్లో ఉండే ఊరు అందులో ఎంత వెదికినా దొరకదు. ఇప్పుడు ఆ శామీర్‌పేట పక్కనుంచే ఔటర్ రింగు రోడ్డు పోతోంది. చుట్టూ ఫారంహౌసులు. ప్లాటు కొనేవాళ్లు ధరల పట్టికతో పాటు ఆ పుస్తకం కూడా ఒకటి అడిగి తీసుకుంటే బాగుండును.

ఊరు నడిచేది చిరునవ్వు మీద కాదు, లెక్క మీద. ఎవరింటి చావుకు ఎవరు వచ్చారు, పాడెకు ఎవరు భుజం పట్టారు, అర్ధరాత్రి పురుటి నొప్పులొస్తే ఎవరు ఆటో తీశారు, బ్యాంకు అప్పుకు ఎవరు జామీను సంతకం పెట్టారు. ఈ ఖాతా తాతల నాటినుంచి నడుస్తూ ఉంటుంది. పెళ్లిలో భోజనాల పందిరి పక్కన ఒకతను బల్ల వేసుకుని చదివింపులు రాస్తుంటాడు చూడండి, ఊరి అసలు రాజ్యాంగం ఆ నోటుబుక్కే. సార్ కూడా ఒక పెళ్లికి వెళ్లి కవరు ఇచ్చారు. రాసేవాడు పేరు అడగలేదు. ‘ఫారంహౌస్ సార్, 1,116’ అని రాసుకున్నాడు. అలా ఊళ్లో ఆయనకు ఖాతా తెరుచుకుంది. ఆ ఇంటివాళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని, సార్ కూతురి పెళ్లికి 1,500 చదివించాలని లెక్క వేసుకుని కూర్చున్నారు. సార్ కూతురి పెళ్లి శంషాబాదు దగ్గర కన్వెన్షన్ హాల్లో జరిగింది. ఊళ్లో ఒక్కరికీ కార్డు రాలేదు. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని పిలవలేదట. నోటుబుక్కులో ఆ పేజీ అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఎవరింటి శుభకార్యానికీ తనను పిలవడం లేదని సార్ నా దగ్గర బాధపడ్డారు.

ఇక ఆయన చెప్పుకునే ఒకే ఒక్క స్నేహం వాచ్‌మన్‌తో. ‘నా బెస్ట్ ఫ్రెండండీ, ఇంట్లో మనిషి’ అంటారు. అంటున్నప్పుడు సార్ వాలుకుర్చీలో, ఇంట్లో మనిషి మెట్టు మీద. ఆ భూమి అతనిదే. బోరు మీద బోరు వేసి, పడక, ఆ అప్పులు తీర్చడానికి అమ్ముకున్నాడు. మధ్యలో ఇద్దరు బేరగాళ్లు తిన్నది పోను ఏం మిగిలిందో అతనూ చెప్పడు. ఏ మూల తవ్వితే రాయి తగులుతుందో, ఏ మూల తేమ ఉంటుందో అతనికి తెలుసు గనక సార్ మామిడి మొక్కలు బతికాయి. 2018లో రైతుబంధు పెట్టి ఎకరానికి పంటకు 4,000 ఇచ్చినప్పుడు చెక్కులు పట్టాదారులకు వచ్చాయి, కౌలుకు దున్నేవాళ్లకు రాలేదు. అంతకుముందే భూమి కొన్న ఎందరో పట్నం బాబులు పచ్చిక పెంచుకుని ఆ లెక్కన రైతులయ్యారు. సార్ గురించి మీ అభిప్రాయమేంటని నేను ఆ వాచ్‌మన్‌ని అడిగాను. ‘మంచోడే. జీతం టయానికిస్తడు’ అన్నాడు. మళ్లీ అడిగితే, అదే చెప్పాడు.

బయటివాళ్లు ఊరివాళ్లు కాలేరా అంటే, అయినవాళ్లున్నారు. 1940లో కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల గోడేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో సహా ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో మకాం పెట్టాడు. గోండి భాష నేర్చుకున్నాడు. అక్కడ తనకోసం పట్టా రాయించుకోలేదు, గోండులకు పట్టాలు రావడానికి సర్కారుతో కొట్లాడాడు. బెట్టీ 1987లో హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. గోండులు ఇప్పటికీ ఏటా అక్కడ దండం పెడతారు. ఈ సంగతంతా సార్‌కు చెప్పాను. ఆయన నిజంగానే కదిలిపోయారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అటువైపు ఎకరం ఎంత ఉండొచ్చు?’ అన్నారు. 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు కొనడానికి లేదన్నాను. అభివృద్ధికి అడ్డుపడే చట్టాలు అని నిట్టూర్చారు.

మొన్న ప్లాటు యజమానుల సంఘం సమావేశమై ఈ దూరం ఎలాగైనా తగ్గించాలని తీర్మానించింది. నెలకో ఆదివారం క్లబ్ హౌసులో ఊరివాళ్లకు తేనీటి విందు. వచ్చేవాళ్లు గేటు దగ్గర రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, ఆధారు, ఎవరిని కలవడానికి వచ్చారో రాయాలి. సాయంత్రం ఆరు లోపల బయటికి పోవాలి. మొదటి ఆదివారం రిజిస్టరులో ఒకే సంతకం పడింది. వాచ్‌మన్‌ది. ‘ఎవరిని కలవడానికి’ అన్న గడిలో తన పాత సర్వే నంబరు రాశాడు.