హెల్మెట్ లేని జ్ఞానోదయం

తనను తాను వెతుక్కుంటానని ఒంటరిగా బాలి దీవికి వెళ్లినవాడికి ముందుగా దొరికేది అద్దె స్కూటర్. లైసెన్సు సంగతి చాలాచోట్ల ఇచ్చేవాడు అడగడు, తీసుకునేవాడు చెప్పడు.

చట్టం మాత్రం అడుగుతుంది. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అందులో ద్విచక్ర వాహనానికి అనుమతీ ఉండాలి. అది లేకుండా కాలు విరగ్గొట్టుకుంటే బీమా కంపెనీ నుంచి మహా అయితే సానుభూతి వస్తుంది. అయినా సెల్ఫీలో లైసెన్సు కనబడదు కదా! హెల్మెట్ పెడితే జుట్టు కనబడదు, చొక్కా తొడిగితే జిమ్‌లో పడ్డ కష్టం కనబడదు.

ఈ వైభవం చూసి చూసి విసుగెత్తిన గవర్నర్ వాయన్ కోస్తెర్, విదేశీ పర్యాటకులకు మోటార్‌బైకులు అద్దెకివ్వొద్దని 2023 మార్చిలో ప్రతిపాదించారు. ట్రావెల్ ఏజెంట్ల కార్లలోనే తిరగాలన్నారు. అద్దె బండ్ల మీద బతికేవాళ్లు గొల్లుమన్నారు. ప్రతిపాదన అటకెక్కింది. పర్యాటకులు చేయదగినవీ చేయరానివీ అంటూ ఓ జాబితా మాత్రం వెలువడింది. చదివినవాళ్లెందరో!

ఈ దీవిలోనే చాంగూ అనేచోట వరిపొలాల మధ్య ఓ పేరుమోసిన అడ్డదారి ఉంది. మహా ఇరుకు. ఎదురుగా కారొచ్చిందా, బండి మడిలోకే. యోగా క్లాసుకు ఆలస్యమవుతోందని అటు తిప్పినవాడు, నాట్లేసే భంగిమలో తేలతాడు.

ఏడాదికోసారి న్యేపి పండుగ నాడు దీవంతా మౌనం. విమానాశ్రయం కూడా మూతే. వీధిలోకి ఎవరూ రాకూడదు, పర్యాటకులతో సహా. అత్యవసరమైతే అంబులెన్సుకు మినహాయింపుంది. మర్నాడు స్కూటర్లు రోడ్డెక్కాక దానికి ఎలాగూ చేతినిండా పనే.