కప్పునకు దీపారాధనము

పూర్వము క్రొత్త ఇల్లు కట్టుకొన్నవాడు అతిథిని వెంటబెట్టుకొని, ద్వారబంధముల టేకు ఏ అడవినుండి వచ్చినదో, నూతిలో నీరు ఎంత లోతున పడినదో చెప్పి మురిసెడివాడు. ఇప్పటి గృహస్థు అతిథిని హాలు నడుమ నిలిపి, "ఒక్కసారి పైకి చూడండి" అని గోడమీది స్విచ్చి నొక్కును. తోడనే, ఫాల్స్ సీలింగను పేర జిప్సము పలకలతో కట్టిన రెండవ కప్పు అంచుల వెంబడి స్ట్రిప్ లైటు తెల్లగా ప్రాకును. రెండవ స్విచ్చికి పచ్చబడును. మూడవదానికి ఊదారంగు దాల్చి తిరునాళ్ళలోని రంగులరాట్నమును తలపించును. అతిథి మెడ పట్టువరకు పైకి చూచి, ఆశ్చర్యార్థకములను రెండుమూడింటిని విడువవలెను. ఆ తరువాతనే కాఫీ.

ఈ ఎల్‌ఈడీ దీపమును నిందించుట నా యభిమతము కాదు. సమర్థముగా నీలకాంతి నిచ్చు డయోడును సాధించినందులకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ నీలకాంతికి పసుపుపచ్చని ఫాస్ఫరు పూత నడ్డుపెట్టి తెల్లని వెలుగును రాబట్టిన ఉపాయము చేతులెత్తి మ్రొక్కదగినది. పాత బల్బు 60 వాట్లు మ్రింగి ఇచ్చిన వెలుగును ఇది 9 వాట్లతో ఇచ్చును. కావుననే 2015 జనవరిలో కేంద్రప్రభుత్వము ఉజాలా పథకమును ప్రారంభించి ఇంటింటికి దీనిని చౌకగా పంచినది. ఇట్టి మితభోజి ఇంటికి రాగా మన గృహస్థు చేసినదేమి? 40 వాట్ల ట్యూబు లైటొక్కటి వెలిగిన హాలులో 6 వాట్ల డౌన్ లైట్లు పండ్రెండింటిని దిగబొడిచి, మీటరునకు 10 వాట్ల చొప్పున పదునైదు మీటర్ల స్ట్రిప్పును చుట్టబెట్టి, మొత్తమును 222 వాట్లకు చేర్చి, "ఎల్‌ఈడీ కదండీ, కరెంటే కాలదు" అని నిశ్చింతగా కూర్చుండినాడు. ఆవిరియంత్రము బొగ్గును పొదుపుగా వాడ నేర్చిన కొలదిని దేశమున బొగ్గు వాడకము హెచ్చునని 1865లోనే జెవన్స్ అను ఆంగ్ల ఆర్థికశాస్త్రజ్ఞుడు వ్రాసియున్నాడు. పాపము, ఆయనకు మన హాలును చూచు భాగ్యము కలుగలేదు.

ఇంత వెలుగును గుమ్మరించిన ఇంటిలో వెలుగు ఎచ్చట లేదో వెదకుట మిక్కిలి వినోదము. వంటింటికి రండు. కప్పు నడుమ నాలుగు దీపములు దేదీప్యమానముగా వెలుగుచుండును. ఇల్లాలు వానికి వీపు పెట్టి గట్టువైపు తిరిగి నిలువగా, ఆమె నీడ యంతయు కత్తిపీటకు బదులు వచ్చిన ఆ చెక్కపలకపైనే పడి, తరుగుచున్నది వంకాయయో వ్రేలో తెలియకుండును. పై అలమారల అడుగున మూరెడు స్ట్రిప్పు బిగించినచో ఈ యాపద తొలగును. కాని గృహప్రవేశపు వీడియోలో అది కానరాదు, కానరానిది అంచనా పట్టికలోను కానరాదు. బీరువా తెరచిన లోపల చీకటి. స్నానపుగది అద్దము ముందు దీపము నడినెత్తికి సూటిగా నుండుటచే గడ్డము గీసికొనువానికి కనుగుంటలు, ముక్కునీడ తప్ప గడ్డము కనబడదు. వయసు మీరినకొలది కంటికి ఎక్కువ వెలుగు కావలెనని ఎరుగనివారెవరు? అయినను తాతగారు పంచాంగము చూచుకొను పడకకుర్చీ చెంత దీపము లేదు; కుర్చీ వెనుక గోడకు బిగించిన శిలాఫలకముమీద మాత్రము మూడు స్పాట్ లైట్లు కలవు. రాయి చదువుకొనుటకు కాబోలు.

ఇక కొనుగోలు. హైదరాబాదు కోఠీలోని ట్రూప్ బజారుకు పోయి ఏ దుకాణములోనైనను చెవి యొగ్గి వినుడు, "ఎన్ని వాట్లు?" అను ప్రశ్న తప్ప రెండవది వినబడదు. వాట్లు దీపము తినునట్టివి, పెట్టునట్టివి ల్యూమెన్లు. అవియు డబ్బాపైననే అచ్చువేసియుండును. తెల్లదనము ఎంత కొట్టవచ్చినట్లున్న అంత మేలని, 6500 కెల్విన్ల దీపములను పడకగదికి సైతము తెచ్చి, ఇంటిని ఆపరేషను థియేటరు చేసి, పిదప నిద్రపట్టలేదని వాస్తు పండితుని పిలుతురు. చీర కొనునపుడు కొట్టువాని దీపమును నమ్మక గుమ్మముదాక తెచ్చి ఎండలో రంగు చూచుకొను ఇల్లాలే, తన ఇంటి దీపము రంగులను ఎంత నిజముగా చూపునో తెలుపు సీఆర్‌ఐ అంకెను అడుగదు. చౌక దీపములలో ఎరుపు పాలు కొరవడును. పూజగదిలో కుంకుమ వెలవెలబోవును.

వీనినన్నిటిని మించినది యాబదివేల గంటల ఆయువు. రోజునకు అయిదు గంటల చొప్పున పదివేల దినములు, అనగా ఇరువదియేడేండ్లు! ఈ దీపము క్రింద ఉయ్యాలలో ఊగిన శిశువు దీని క్రిందనే పెండ్లికొడుకు కావలసినదే. ఆ గంటలు సాధారణముగా లోపలి చిప్పు వెలుగు నూటికి డెబ్బదికి దిగుటకు పట్టు కాలము; దానికి విద్యుత్తునందించు డ్రైవరు ఆ ప్రతిజ్ఞలో భాగస్వామి కాదు. డ్రైవరులోని కెపాసిటరుకు ఉక్క గిట్టదు; మనమో గాలి చొరని ఫాల్స్ సీలింగులో దానిని పూడ్చిపెట్టుదుము. ఇరువదియేడేండ్ల ఆయువును ఘోషించిన డబ్బామీదనే పూచీ మాత్రము రెండేండ్లని వ్రాసియుండుట గమనింపదగినది. జాతకము వ్రాసినవాడే బీమా చేయుటకు జంకినట్లున్నది. మూడవ యేట ఒకటి ఆరిపోవును. ఆ కొలత దీపము ఇప్పుడు తయారగుట లేదందురు. స్ట్రిప్పులో ఒక ముక్క మార్చిన రంగు కలియదు గావున చుట్ట యంతయు మార్చవలెనందురు. కప్పునకు రంధ్రము పెద్దది చేయుటకు వేరొకడు, మరల రంగు పూయుటకు ఇంకొకడు.

నాకు తెలిసిన ఇండ్లలో పెక్కింట నెల తిరుగకుండగనే ఈ దీపసంతానమంతయు ఆరియే యుండును. బంధువులు వచ్చిననాడు మాత్రము మేల్కొనును. తక్కిన దినములలో పిల్లల చదువు, పెద్దల కబుర్లు, మునగాకు దూయుట, సమస్తమును గోడకు తరువాత బిగించిన 20 వాట్ల ట్యూబు క్రిందనే. మొదటి పటములో దానికి పాయింటు లేదు గావున టీవీ వెనుకనున్న ప్లగ్గునుండి తీగ లాగిరి. మొన్న ఒక ఇంటికి డిజైనరు మరల విచ్చేసి, ఆ తీగ గోడ సౌందర్యమును భంగపరచుచున్నదని నొచ్చుకొని, దానిని మరుగుపరచుటకు పొడవైన ప్రొఫైల్ లైటు నొకదానిని సూచించినాడట.