ఎర్రతేలు చెప్పుకున్న కథ

నన్ను చూసినవాళ్ళు పేరడగరు, చెప్పు వెతుక్కుంటారు. కాబట్టి నేనే చెప్పుకుంటాను. ఎర్రతేలును, ఆడదాన్ని. 1798లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త మమ్మల్ని మొదటిసారి గ్రంథానికెక్కించాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మా ఇంటిపేరు మారుస్తూనే వచ్చారు. ఇప్పటికి హాటెన్‌టోటా టామ్యులస్ అంటున్నారు. పలకలేకపోతే మానేయండి, నేనేమీ అనుకోను.

నా కాపురం సూరత్‌లో, లింబాయత్‌లో. సాంచాల (మరమగ్గాల) షెడ్డు వెనక ఎవరూ కదపని ఇటుకల కుప్ప ఉంది, అదే ఇల్లు. ముందు వాటాలో ఉండేది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు. పగలంతా సాంచాల చప్పుడు, రాత్రయితే ముసలమ్మ గొంతు. "చెప్పులు దులుపుకోని తొడుక్కో బిడ్డా, తేలుంటది" అని మనవడికి రోజూ చెబుతుంది. నాకు తెలుగు వచ్చింది ఆవిడ వల్లే. నా గురించి ఆ ఇంట్లో సరిగ్గా మాట్లాడేదీ ఆవిడొక్కతే.

మిగతావాళ్ళకు తేలంటే తేలే. మా జాతులు ప్రపంచంలో రెండున్నర వేలకు పైనే ఉన్నాయి, ఈ దేశంలోనే వందకు మించి ఉన్నాయి. అందరం ఒక్కచోట బతకం. మండ్రగబ్బను తీసుకోండి. నల్లగా, జానెడు పొడవుండి, పీత డెక్కల్లాంటి లావుపాటి పట్టుకొమ్ములతో ఎదురొస్తే ఎవరికైనా గుండె ఆగుతుంది. తెలుగు నేలల మీద పుట్టల పక్కన, గట్ల కింద తనే బొరియ తవ్వుకుని ఉంటుంది. తవ్వడానికీ, పురుగును నలపడానికీ ఆ కొమ్ములే చాలు గనక దాని తోకకు పని తక్కువ. కుడితే నొప్పి పుడుతుంది గానీ మనిషి ప్రాణం పోవడం చాలా అరుదు. నా కొమ్ములు చూడండి, పుల్లల్లా ఉంటాయి. వాటితో గట్టి పురుగును కూడా నొక్కిపట్టలేను. ఆ లోటంతా తోక తీర్చాలి. కొమ్ములు సన్నం, తోక లావు అయితే భయపడాల్సిన తేలు అని లెక్క. నూటికి నూరుపాళ్ళు నిలిచే లెక్క కాదు, అయినా నా విషయంలో నిజమే. జనం మాత్రం మండ్రగబ్బను చూసి పరుగెత్తి, రెండు మూడు అంగుళాల నన్ను చూసి "చిన్నదేలే" అంటారు.

పడమటి కనుమల్లో మా దూరపు చుట్టాలు కొందరున్నారు. రాతి నెర్రెల్లో దూరి దూరి వాళ్ళ ఒళ్ళు బల్లపరుపుగా అయిపోయింది. థార్ ఎడారి ఇసుకలో లావుతోక నల్లతేలు ఉంటుంది, దాని జోలికి నేనైనా పోను. ఒంటి నిండా మచ్చలుండే సన్నతేలు ఇంకొకటి. అది ఓడల్లో సరుకుల మధ్య దాక్కుని వేడి దేశాలన్నీ చుట్టేసింది. సూరత్ ఒకప్పుడు మొగలుల పెద్ద రేవు, ఇక్కడ దిగకుండా పోయిందంటే నేను నమ్మను. నాకు ఇన్ని హంగులక్కర్లేదు. రాయి కింద, ఊడిన బెరడు కింద, ఎండకు బీటలిచ్చిన నల్లరేగడిలో, మట్టిగోడ సందులో, ఎక్కడ నీడా బొద్దింకా దొరికితే అక్కడే ఉంటాను. గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు అన్నీ నావే. వానాకాలంలో సందుల్లోకి నీళ్ళొస్తే మాత్రం మీ గడప ఎక్కక తప్పదు. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి ఊరిని ముంచినప్పుడు మనుషులే మేడలెక్కారు, నేల బొరియల్లో ఉన్నవాళ్ళ సంగతి చెప్పాలా?

మా మీద ఒక నింద ఉంది. తేలు పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుట్టి, తల్లినే తినేస్తాయట. శుద్ధ అబద్ధం. మేము గుడ్లు పెట్టం, పిల్లల్నే కంటాం. తెల్లగా, మెత్తగా పుట్టి వాళ్ళంతట వాళ్ళే నా వీపెక్కుతారు. మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే ఉండి, తర్వాత దిగి ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. దిగినవాడు ఆకలి వేళ నాకు ఎదురుపడితే ఏమవుతుందనేది వేరే సంగతి.

రాత్రిపూట అతినీలలోహిత కాంతి టార్చి వేసి చూస్తే మా ఒళ్ళు పచ్చగా మెరుస్తుంది. శాస్త్రజ్ఞులు మమ్మల్ని పట్టేది అలాగే. కర్నూలు జిల్లా కోడుమూరు వాళ్ళకు ఆ దీపం కూడా అక్కర్లేదు. శ్రావణ సోమవారం కొండ మీద రాళ్ళెత్తి, మమ్మల్ని చేత్తో పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. మొక్కు సంగతి నాకెందుకు గానీ, ఆ కొండకు పసిపిల్లల్ని తీసుకెళ్ళడం నాకు నచ్చదు.

ఎందుకంటే నా విషం పెద్దవాళ్ళ కన్నా పిల్లల్నే ఎక్కువ దెబ్బతీస్తుంది. నరాలను రెచ్చగొడుతుంది. ఒళ్ళంతా చెమట, వాంతులు, చేతులూ కాళ్ళూ చల్లబడటం, ఆ తర్వాత గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కొంకణంలోని మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు ఈ వరుసంతా రోగుల మంచం పక్కన కూర్చుని గమనించి 1982లో లాన్సెట్ పత్రికకు రాశాడు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ ఈ విషానికి అడ్డుకట్ట వేస్తుందని 1986లో అదే పత్రికలో చెప్పాడు. దాంతో మా వల్ల పోయే ప్రాణాలు బాగా తగ్గాయి. విషానికి విరుగుడు మందును కూడా జోడిస్తే రోగి ఇంకా త్వరగా కోలుకుంటాడని 2011లో తేల్చాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నాకు శత్రువే అయినా పనిమంతుడని ఒప్పుకోక తప్పదు.

తేలు మంత్రం తెలియకుండా పాము పుట్టలో చెయ్యి పెట్టొద్దని మీకో సామెత ఉంది. మంత్రం తెలిసినా నా దగ్గర పనిచేయదు. పిల్లాడిని కుట్టినప్పుడు కట్టు బిగించి, ఉల్లిపాయ రుద్ది, మంత్రగాడి కోసం చూస్తూ కూర్చోకండి. చెమటలు పడుతూ చేతులు చల్లబడుతుంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, ఆసుపత్రికి ఎత్తుకెళ్ళండి. ఎర్రతేలు కుట్టిందని చెప్పండి. ప్రాజోసిన్ నోటితో వేసుకునే మాత్ర, ఖరీదు తక్కువ. మోతాదు మాత్రం డాక్టరే చూసి ఇవ్వాలి.