ఒంటి స్పీకరు

నా వీపు మీద ‘మేడిన్ జపాన్’ అని ఉంటుంది. నాతోపాటు వచ్చిన ఒక క్యాసెట్టు అట్ట మీదా అదే మాట. నన్ను కొంటే దుకాణంవాడు దాన్ని కొసరుగా ఇచ్చాడేమో అని ఇంట్లోవాళ్లు చాలాకాలం అనుకున్నారు. కాదు. అది డీప్ పర్పుల్ అనే ఇంగ్లండు బృందం క్యాసెట్టు. 1972 ఆగస్టులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యోలో ఒక రాత్రి జనం ముందు వాయించిన పాటలు.

నేను టూ ఇన్ వన్‌ని. రేడియో, టేపు, రెండు పక్కలా రెండు స్పీకర్లు. 1983లో జగిత్యాల దిక్కు మనిషి ఒకాయన దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేసి వస్తూ, బొంబాయిలో దిగి, అక్కడి నుంచి బస్సులో నన్ను దుప్పటి చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. క్యాసెట్టు మాత్రం ఆయన గదిలో ఉండే కేరళ దోస్తు ఇచ్చింది. గోదావరిఖనిలో బొగ్గుబాయి పనికి పోయే తమ్ముడికి మా ఇద్దర్నీ కలిపే ఇచ్చేశాడు. నా యజమాని ఆ తమ్ముడే. ఫస్ట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, చాయ్ గ్లాసు పట్టుకుని నా మీట నొక్కేవాడు.

ఆయన బామ్మర్ది ఒగ్గు మేళంలో డోలు కొడతాడు. హనుమాజీపేట మిద్దె రాములు కథ చెప్తున్నాడంటే ఎంత దూరమైనా సైకిలు తొక్కే మనిషి. మొదటిసారి ఆ క్యాసెట్టు విన్నప్పుడు చెవులు మూసుకున్నాడు.

“ఏందే బావా, గీ లొల్లి? ఒర్రుతుండ్రా, కొట్లాడుతుండ్రా?”

“రెండూనురా. ఆగు, గిది ఇను.”

ఆ పాట పేరు ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’. సగంలో అందరూ ఆగిపోతారు. రిచీ బ్లాక్‌మోర్ గిటారు మీద చిన్న ముక్క ఒకటి విసురుతాడు. ఇయాన్ గిల్లన్ దాన్ని గొంతుతో అచ్చు అట్లాగే తిప్పి కొడతాడు. ఈసారి గిటారు ఇంకొంచెం పైకి పోతుంది, గొంతూ పోతుంది. ఇట్లా పోయి పోయి చివరికి గిల్లన్ ఒక్క అరుపు అరుస్తాడు. ఆ అరుపుకు నా అట్ట కోనులు వణికేవి. బామ్మర్ది చెవుల మీంచి చేతులు తీశాడు.

“గిది మన వంతే కదనే బావా! కథకుడు ఒకటంటే వంతలాయన అడ్డం తగులుతడు సూడు, గట్ల.”

అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో రెండు పార్టీలు. బావది గిటారు. బామ్మర్దిది గిటారూ కాదు, గొంతూ కాదు, డ్రమ్ములు కొట్టే ఇయాన్ పేస్. ‘ది మ్యూల్’ అనే పాటలో పేస్ ఒక్కడే కొట్టే భాగం వస్తే బామ్మర్ది స్టీలు తాంబాళం బోర్లించి వేళ్లతో అందుకునేవాడు. తాంబాళానికి సొట్టలు పడ్డాయి, అక్క తిట్టింది.

అంత ముచ్చటగా గొంతూ గిటారూ ఆడుకున్న ఆ ఇద్దరికీ బయట మాటల్లేవని మాకు చాలా ఏళ్ల తర్వాతగాని తెలియలేదు. మనవడు ఫోన్లో చదివి, ఇప్పుడు తాత అయిన బావకు చెప్తుంటే అల్మారా మీంచి విన్నాను. జపాన్ కచేరీలు అయిన నాలుగు నెలలకే గిల్లన్ రాజీనామా ఉత్తరం రాసిచ్చాడు. ఆఖరి ఆట 1973 జూన్ 29న, అదే ఒసాకాలో. అతనితోపాటు బేస్ గిటారు రోజర్ గ్లోవర్‌నూ సాగనంపారు. గ్లోవర్‌ను వద్దన్నది బ్లాక్‌మోరే. ఆ బ్లాక్‌మోర్ 1975లో తనూ బయటికి పోయి రెయిన్‌బో అని వేరు కుంపటి పెట్టుకున్నాడు. 1979లో అందులో చేరిన బేస్ ఎవరనుకున్నారు? గ్లోవరే. పాలోళ్ల పంచాయితీ ఇంతకంటే చిక్కుగా ఉంటుందా?

1984లో ఆ జపాన్ కచేరీల ఐదుగురూ మళ్లీ కలిశారు. 1989లో గిల్లన్‌ను తీసేశారు. 1992లో పిలిచారు. 1993 నవంబరులో కచేరీ యాత్ర మధ్యలో బ్లాక్‌మోరే వదిలేసి పోయాడు, ఇక రాలేదు. 2016లో అమెరికావాళ్లు బృందాన్ని సన్మానించినా ఆ సభకూ రాలేదు. ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ అప్పటికి లేడు, 2012లో పోయాడు.

“మరి డ్రమ్ములాయన?” అడిగాడు తాత.

“1968 నుంచి ఎవరొచ్చినా, ఎవరు పోయినా ఆయనొక్కడే కదల్లేదు తాతా.”

తాత నవ్వి, బామ్మర్దికి ఫోను చేయించాడు. అవతలి నుంచి వచ్చిన అరుపు గిల్లన్ అరుపుకు తక్కువేం కాదు.

అసలు ఈ ఇంటి కొట్లాట చెప్పనే లేదు. అచ్చయి వచ్చిన క్యాసెట్ల మీద మళ్లీ రికార్డు చేయకుండా వెనక చిన్న పలుకులు విరిచేసి ఉంచుతారు. ఆ కంతలో కాగితం ముద్ద కుక్కితే చాలు, రికార్డు మీట దిగుతుంది. ఒక ఎండాకాలం బావ నైట్ షిఫ్టులో ఉండగా బామ్మర్ది ఆ పని చేశాడు. చివరి పాట ఇరవై నిమిషాలు ఉంటుంది. దాని తోక మీద తమ మేళం డోలు ఎక్కించాడు. నా ముందే గొంగడి పరిచి కొట్టారు. తెల్లారి బావ క్యాసెట్టు వేస్తే గిటారు గాల్లో ఉండగానే తెగి, ఢమఢమ డోలు.

బావ రెండేళ్లు మాట్లాడలేదు. పండుగలకు బామ్మర్ది వస్తే ఈయన డ్యూటీ ఉందని బయటికి పోయేవాడు. చివరికి అక్కే ఇద్దర్నీ ఒక పీట మీద కూర్చోబెట్టి, ఒకే తాంబాళంలో అన్నం పెట్టింది, ఆ సొట్టల తాంబాళంలోనే. ఎవరూ క్షమించమనలేదు. తిన్నారు.

బ్లాక్ సబ్బాత్ అనే ఇంకో ఇంగ్లండు బృందం ముచ్చటా మనవడే చెప్పాడు. అందులో గిటారు వాయించే టోనీ అయోమి పదిహేడేళ్లకు రేకుల కార్ఖానాలో కుడిచేతి వేళ్ల కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని మళ్లీ గిటారు పట్టాడట. తాగుడు మితిమీరిందని 1979లో ఆ బృందం సాగనంపిన ఆజీ ఆస్బోర్న్, 2025 జూలై 5న పాతవాళ్లతో కలిసి బర్మింగ్‌హామ్‌లో కుర్చీలో కూర్చునే పాడాడు. 22న పోయాడు. వేళ్ల మాట దగ్గర తాత తన చేతులు చూసుకున్నాడు. పదిహేడు రోజులన్న మాట దగ్గర టైము చూసి, అక్కను చాయ్ పెట్టమన్నాడు.

నా సంగతి. ఒక స్పీకరు పోయింది. కోను చిరిగింది. ఆ క్యాసెట్టులో గిటారు ఒక పక్క, ఆర్గన్ ఒక పక్క పలుకుతాయి. పోయింది గిటారు పక్కది. ఇప్పుడు జాన్ లార్డ్ ఒక్కడే ఎవరితోనో వాదిస్తున్నట్టు ఉంటుంది, అవతలివాడి మాట వినబడదు. బెల్టు సాగి గిల్లన్ గొంతు కూడా మొద్దుబారింది. చివర మాత్రం ఆ డోలు వస్తుంది. అది నా ఒంటి మైకుతో ఎక్కింది, రెండు పక్కలా ఒకటే చప్పుడు. అందుకని సగం కాకుండా నిండుగా మోగుతుంది. ఆ మేళంలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ల చప్పుడు ఇంకెక్కడా లేదు. తాత ఈమధ్య క్యాసెట్టు పెట్టగానే చివరిదాకా ముందుకు తిప్పి వింటున్నాడు.

అయినా గిటారు పక్క స్పీకరు కావాలనే ఉంది ఆయనకు. కోటీలో, ఖనిలో అడిగించాడు, దొరకలేదు. మీ ఇంట్లో అటక మీద ఏదైనా పాత టూ ఇన్ వన్ ఉంటే, పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి. అయిదంగుళాలది, నాలుగు ఓమ్స్.