పాదపర్వం

జానా బెత్తెడు సామ్రాజ్యం. 26 ఎముకల సామంతులు, నడుమ విల్లులా వంగిన కోటగోడ, ముందు అయిదుగురు వేళ్ల ద్వారపాలకులు. వెనక, వాళ్లందరికంటే 10–12 మిల్లీమీటర్ల ఎత్తున, నురగ దిండ్ల హంసతూలికా తల్పం మీద కొలువుదీరిన శ్రీశ్రీశ్రీ మడమ మహారాజు! నా బూట్లలో ఇన్నాళ్లూ సాగిన పరిపాలన ఇది.

మహారాజుది ఒకటే పంతం. పరుగులో ప్రతి అడుగుకీ భూమిని తనే ముందు తాకాలి. తాకిన 50 మిల్లీసెకన్లలోపే, రెప్పపాటుకైనా చాలని వ్యవధిలో, భూదేవి బదులిస్తుంది. ఆ బదులు ఒంటి బరువుకి ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దాకా ఉండి, ముంగాలి ఎముక వెంట అంబులా మోకాటికి ఎగబాకుతుంది. తల్పం దాని మొన కాస్త మొద్దుబరుస్తుంది కనుక ఏలినవారి నిద్ర చెడదు.

ఈ రాజ్యం మీదికి దండెత్తినవి నేను కొన్న కొత్త జోళ్లు. అడుగు మామిడితాండ్ర పొరంత. మడమకి ఎత్తు లేదు, దిండు లేదు. చుట్టి జేబులో పెట్టుకోవచ్చు. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్, అడుగు కుట్టడం మర్చిపోయినట్టున్నాడు, వెనక్కిచ్చెయ్" అంది. భరతుడు పాదుకల్ని నెత్తిన పెట్టుకున్నాడే తప్ప తొడుక్కుని పరుగెత్తలేదు. ఆ వివేకం నాకు లేకపోయింది.

విశాఖ బీచ్ రోడ్డు. బ్రాహ్మీ ముహూర్తం. కాళీమాత గుడి దగ్గర, శంఖానికి బదులు టీ బండి స్టవ్ బుసకొట్టింది. మొదటి అడుగు! అలవాటుగా మహారాజు ముందుకురికాడు. కింద తల్పం లేదు. ఆ ఆర్తనాదం కపాలం దాకా వినిపించింది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కనబడేసరికి, ఎవరూ ఆజ్ఞాపించకుండానే వ్యూహం మారిపోయింది. అంగ చిన్నదైంది, అడుగుల లెక్క పెరిగింది, చీలమండ విల్లయింది, పిక్క నుంచి మడమకి దిగే స్నాయువు అల్లెతాడయింది. వేళ్ల వెనకనున్న కండ ముందు నేలను ముద్దాడితే, సేనాపతి వెనక నడిచే రాజులా మడమ మెల్లగా దిగింది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికకెక్కించిన సంగతి ఇదే. వట్టి కాళ్లతో పరుగెత్తడం అలవాటైనవాళ్లు ఎక్కువగా ముందుపాదం మీద దిగుతారు, ఆ తొలి పోటు వాళ్లకి దాదాపు ఉండదు. జోళ్లు మార్చినవాళ్లందరికీ ఈ యోగం పట్టదు లెండి. పలచటి అడుగు వేసుకుని కూడా మడమ మీదే ధడాలున దిగేవాళ్లున్నారు. తల్పం పోయినా బుద్ధి రాని రాజులు.

ఈ జోళ్ల భక్తులు పారాయణం చేసే కథ ఒకటుంది. 1960 సెప్టెంబరు 10న, రోమ్ నగర వీధుల్లో, ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టి కాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్లకి టోక్యోలో ఆయనే బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు. ఈ రెండో ఆశ్వాసాన్ని మాత్రం భక్తులు చదవరు. బూట్ల దుకాణంవాళ్లు చదువుతారు.

ఇంతకీ మడమ తప్పించుకున్న ఆ దెబ్బ ఎక్కడికీ పోలేదు. మోకాటి పద్దులోంచి పిక్క పద్దులోకి మారింది. ఎత్తు మడమల నీడన ఏళ్ల తరబడి కునికిన పిక్క, ఒక్క ఉదయంలో మహారథి అయిపోవాల్సి వచ్చింది. తొందరపడితే వేళ్ల వెనకుండే సన్నటి ఎముకలు కూడా వెంట్రుకవాసి చిట్లుతాయి. అందుకే వారాలూ నెలలూ పట్టినా కొద్దికొద్దిగా పెంచుకోమంటారు తెలిసినవాళ్లు. నేను తొలిరోజే 4 కిలోమీటర్లు పరుగెత్తాను.

మర్నాడు స్త్రీపర్వం. మోకాళ్లకి ఒక్క ఫిర్యాదు లేదు. పిక్కలు మాత్రం జుట్టు విరబోసుకుని రోదించాయి. రెండో అంతస్తు నుంచి రెయిలింగ్ పట్టుకుని, ముఖం మెట్లవైపు పెట్టి, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగుతున్నాను. పాలపాకెట్టు కోసం బయల్దేరిన అమ్మ, హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ నన్ను దాటి దిగిపోయింది.