నా కోరల కథ

నా మూతిమీద వెంట్రుకలు మొలవని గీతలు కొన్ని ఉన్నాయి. పొలానికి కొత్తగా వచ్చినవాళ్లు వాటిని చూడగానే పిల్లల్ని దగ్గరికి లాక్కుంటారు. “కరుస్తుందా?” అని అడుగుతారు. “దేన్ని?” అని మా ముసలాయన ఎదురు ప్రశ్న వేస్తాడు. వాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు గానీ, నిజానికి ఆయన అడిగిందే అసలు ప్రశ్న. దానికి జవాబు నేనే చెబుతాను.

నా పేరు మెగ్. ఇంగ్లండుకు ఉత్తరాన కంబ్రియా కొండల్లో, అల్స్‌వాటర్ సరస్సుకు ఎగువనున్న ఒక గొర్రెల పొలంలో పుట్టాను. అమ్మ బోర్డర్ టెర్రియర్, నాన్న నల్లటి ప్యాటర్‌డేల్. నాన్న జాతికి పేరిచ్చిన ప్యాటర్‌డేల్ ఆ సరస్సు దక్షిణపు కొసకు దగ్గర్లో ఉన్న ఊరు. భుజాల వెనక నా ఛాతీని రెండు చేతులతో చుట్టి పట్టుకుంటే వేళ్లు కలుస్తాయి. టెర్రియర్లను పెంచేవాళ్లు చూసే మొదటి కొలత అదే, ఎందుకంటే వేళ్లు కలవని కుక్క నక్క బొరియలో పట్టదు.

రెండో కొలత గుణం. అది చేతికి అందదు. దానికోసం వెనక్కి వెళ్లాలి.

దక్షిణాన డెవన్‌లో జాన్ రస్సెల్ అనే చర్చి మతగురువు ఉండేవాడు (1795–1883). ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, దగ్గర్లోని మార్స్టన్‌లో ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే తెల్లటి ఆడ టెర్రియర్‌ను కొన్నాడు. ఇవాళ జాక్ రస్సెల్ అని మీరు పిలిచే కుక్కలకు ఆ పేరు ఆయనదే. అక్కడ వేట గుర్రాల మీద సాగేది. నక్క బొరియలో దూరితే దాన్ని బయటికి తరమడమే టెర్రియర్ పని. నక్క పరుగెడితేనే గుర్రాలకూ, దాన్ని తరిమే హౌండ్ కుక్కలకూ పని ఉంటుంది. లోపలే చంపేసే టెర్రియర్ ఆ రోజు వేటను చెడగొట్టినట్టే. అందుకని రస్సెల్‌కు కోర కన్నా గొంతు ముఖ్యం. నక్కకు కాస్త ఎడంగా నిలబడి, వెనక్కి తగ్గకుండా, ముందుకు దూకకుండా, ఆగకుండా మొరిగే కుక్క ఆయనకు కావాలి. అలా నిలబడటానికి ఎంత నిబ్బరం కావాలో బొరియ చీకట్లోకి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

మా కొండల్లో సంగతి వేరు. ఇక్కడ నక్క గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయేది. గుర్రం ఎక్కలేని ఏటవాలు. వేటగాళ్లు నడిచే వెళ్లేవారు. నక్క మట్టిలో కాదు, బండరాళ్ల గుట్టల సందుల్లో దాక్కుంటుంది. అక్కడ పార పనిచెయ్యదు. లోపలికి వెళ్లిన కుక్కకు పైనుంచి ఎవరి సాయమూ అందదు. నక్కను వెళ్లగొట్టాలి, లేదా అక్కడే తేల్చాలి. ఆ అవసరమే మా నాన్న జాతిని గట్టిగా చేసింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో సిరిల్ బ్రే, ఫ్రాంక్ బక్ అనే ఇద్దరు పెంపకందారులు ఆ నల్లటి టెర్రియర్ల వంశాన్ని నిలబెట్టారు. ఒకే దేశం, ఒకే జంతువు మీద వేట. నేల మారేసరికి మనసు మారింది. మా కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవాళ్లు ముందు నేలను చూడాలి.

అయితే అంత గట్టి కుక్కల్ని కోరుకున్న కొండవాళ్లు కూడా కలహాల కుక్కను ఉంచుకోలేదు. టెర్రియర్లను రెండేసి చొప్పున పొట్టి గొలుసుతో మెడకూ మెడకూ కలిపి కట్టి, మైళ్ల దూరం నడిపించేవారు. పక్కదాని మీద పడే కుక్కతో ఆ నడక సాగదు. హౌండ్ల మీద పడితే అసలు ఊరుకోరు. ఇక మనిషి చెయ్యి. రాళ్ల సందులో చెయ్యి భుజందాకా దూర్చి, కనిపించని చీకట్లో కుక్కను తడిమి బయటికి లాగాలి. ఆ చెయ్యిని కరిచే కుక్కకు మా ముసలాయన తాత కాలం నుంచీ ఈ కొట్టంలో చోటు లేదు.

మరి చెడ్డపేరు ఎలా వచ్చింది? ఒక పాయ నెత్తుటి ఆటల నుంచి వచ్చింది. బుల్‌డాగ్‌నూ టెర్రియర్‌నూ కలిపి పందేలకు కుక్కల్ని తయారుచేశారు. 1823లో లండన్ వెస్ట్‌మినిస్టర్ పిట్‌లో బిల్లీ అనే కుక్క వంద ఎలుకల్ని ఐదున్నర నిమిషాల్లో చంపిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎద్దుల మీదికి కుక్కల్ని వదలడం, కుక్కల పోట్లాటలు పెట్టడం 1835 చట్టంతో నిషిద్ధమయ్యాయి. నెత్తురు మాత్రం సంకరాల్లో మిగిలింది. ఇంకా గట్టిది, ఇంకా గట్టిది అంటూ ఆ రక్తాన్ని పని టెర్రియర్లలోకి మళ్లీ మళ్లీ ఎక్కించినవాళ్లు ఉన్నారు. ఏమైంది? మొరగకుండా నేరుగా మీద పడే కుక్కలు పుట్టాయి. గొంతు లేని కుక్క నేల కింద ఎక్కడుందో పైవాళ్లకు తెలియదు. దాని మూతి ప్రతిసారీ చీలుతుంది, వారాల తరబడి కొట్టంలో పడుకుంటుంది. దాన్ని ధైర్యమని మెచ్చుకోవడం నాకు నచ్చదు. ఎప్పుడు ఆగాలో తెలియనిదాన్ని పనికుక్క అనలేం.

ఇప్పుడు నా లోపల ఏముంటుందో చెబుతాను. ధాన్యం కొట్టులో గడ్డిమోపులు జరిపినప్పుడు ఎలుకలు చిమ్ముతాయి. అప్పుడు నాలో కోపం ఉండదు. గుర్రుమనను, వీపు మీద వెంట్రుకలు లేవవు. చెవులు ముందుకు వస్తాయి, లోకమంతా ఆ కదిలేదాని మీదికి కుదించుకుపోతుంది. ఒక్క నొక్కు, ఒక్క విదిలింపు, వదిలేసి తర్వాతదాని మీదికి. కోపం అలా ఉండదు. పళ్లు ఇకిలించి, ఒళ్లు బిగించి, దూరంగా పొమ్మని చెప్పేది కోపం. భయం కూడా ఇంచుమించు ఆ వేషంలోనే వస్తుంది. మెదడులో ఇవి వేరువేరు దారులని పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. హైపోథాలమస్‌లో ఒకచోట కదిలిస్తే చప్పుడు లేని వేట, మరొకచోట కదిలిస్తే బుసకొట్టే ఆగ్రహం. ఈ రెంటినీ కలిపి ఒకే మాటతో ‘దూకుడు’ అంటే నా గురించి మీకు ఏమీ తెలియనట్టే. వేటలో కోపం లేదు కాబట్టి ప్రమాదం లేదని కూడా అనుకోవద్దు. మీ ఇంటి కుందేలుపిల్ల చావడానికి నాకు కోపం రానక్కర్లేదు.

నా మూతిమీద అన్నిటికన్నా పొడవైన గీత ఎలుకది కాదు, నా చెల్లి నెల్‌ది. ఒకే ఈతలో పుట్టాం, ఒకే గడ్డిలో పడుకున్నాం. నాకు అమ్మ నెమ్మది వచ్చింది, దానికి నాన్న గట్టిదనం వచ్చింది. సంకరమంటే రెండు రంగులు కలిసి మూడోది కావడమని మనుషులు అనుకుంటారు. మా ఈతలో అలా జరగలేదు. ఒక్కో పిల్లకు ఒక్కో వాటా వచ్చింది. రెండో ఏడు నడుస్తుండగా ఇద్దరం ఎదకు వచ్చి తేరుకున్నాక, బండి వెనక తలుపు తెరుచుకోబోతున్న ఒక పొద్దున, పనికి పోతున్న ఉత్సాహంతో ఊగిపోతున్నాం. దాని భుజం నా భుజానికి తగిలింది. అంతే. నెల్ అరవలేదు, హెచ్చరించలేదు, నా మూతి పట్టుకుంది. ముసలాయన కాళ్లు పట్టి లాగలేదు. లాగితే పట్టు ఉన్నచోట మాంసం చీలుతుంది. మెడపట్టీ మెలితిప్పి, ఊపిరి ఆడక దవడ సడలేదాకా అలాగే పట్టుకున్నాడు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు.

అది పగ కాదు, వేటా కాదు. పోయే దారి లేక పొంగిన ఉద్రేకం పక్కనున్నదాని మీద పడింది. కానీ ఒకసారి అలా జరిగాక మేం మరచిపోలేం. ఆ రోజు నుంచి మమ్మల్ని ఒక్కచోట వదలలేదు. తర్వాత నెల్‌ను లాంకషైర్‌లో ఎలుకలు పట్టే ఒకాయన తీసుకెళ్లాడు. అక్కడ ఒక్కతే కుక్క. ఆయన పిల్లలతో మంచంమీద పడుకుంటుందట. మనుషుల జోలికి ఎన్నడూ పోలేదు.

ముసలాయన మనవరాలు పశువైద్యం చదివింది. సెలవులకు వచ్చినప్పుడు వంటింట్లో చదివి వినిపించేది. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఐదు జాతుల్ని ఏళ్ల తరబడి పెంచి చూసి, 1965లో పుస్తకం వేశారు. వాళ్ల ఫాక్స్ టెర్రియర్ పిల్లలు ఏడు వారాలకే గుంపు కట్టి ఒకదాని మీద పడేవట. వాటిని చిన్నచిన్న జట్లుగా విడదీయాల్సి వచ్చింది. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో మనుషుల మీద దూకుడులో జాక్ రస్సెల్, చివావా, డాక్స్‌హండ్‌లతో పాటు పైవరసలో నిలిచింది. 2022లో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల వివరాలు చూసి, ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతం మాత్రమేనని తేల్చారు. “ఈ రెండూ ఎలా కుదురుతాయి తాతా?” అని ఆ పిల్ల అడిగింది. ఆయన నన్ను, గోడ మీదున్న నెల్ ఫొటోను చూపించి, “జాతి నాకు ఎక్కడ చూడాలో చెబుతుంది, ఏం కనబడుతుందో చెప్పదు” అన్నాడు.

మిగతాది ఆయన చేతిపని. కళ్లు తెరిచిన కొద్దిరోజుల నుంచి పన్నెండు వారాల లోపు నన్ను గొర్రెల మధ్య తిప్పాడు, కోళ్ల మధ్య కూర్చోబెట్టాడు, వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాడు. గొర్రెల వెంటపడే కుక్కను రైతు కాల్చినా చట్టం తప్పుపట్టని సందర్భాలు ఈ దేశంలో ఉన్నాయి. అందుకని ఆ పాఠం అన్నిటికన్నా ముందు. పాలపళ్లు ఊడి కొత్తవి గట్టిపడేదాకా ఎలుకను చూపించలేదు. 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన వేట చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లలో నక్క బొరియలోకి టెర్రియర్‌ను పంపడానికి మిగిలిన దారి చాలా ఇరుకు. తుపాకీ వేటకోసం పెంచే పక్షుల్ని కాపాడుకోవడానికి మాత్రమే, రాతపూర్వకమైన ఆధారంతో, ఒకసారికి ఒకే కుక్క. ఎలుకలకు ఆ అడ్డు లేదు. విషం పెడితే ఆ ఎలుకల్ని తిన్న గుడ్లగూబ ఒంట్లోకీ అది చేరుతుంది. నాతో ఆ బాధ లేదు. కాబట్టి మాకు పని ఇంకా ఉంది.

పనే లేని ఇళ్లకు మమ్మల్ని తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. పిల్ల ముద్దుగా ఉందని చూడకండి, తల్లిని చూపించమని అడగండి. తల్లి తన తిండిగిన్నె దగ్గర, సాటి కుక్కల మధ్య, కొత్త మనిషి ముందు ఎలా ఉంటుందో చూడండి. చూపించనంటే తిరిగి వచ్చెయ్యండి. రోజూ ముక్కుకూ కాళ్లకూ పని పెట్టలేమనుకుంటే టెర్రియర్ జోలికి రావద్దు. తోడుంటుందని ఒకే ఈత నుంచి రెండు ఆడపిల్లల్ని మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకండి.